బేర్ సరాయ్‌లో పన్నెండు పాస్‌పోర్టులు

‘వివరణ కోసం ఫోన్‌లో ప్రయత్నించగా సంస్థ ప్రతినిధులు అందుబాటులోకి రాలేదు.’

ఈ వాక్యాన్ని నా ఉద్యోగ జీవితంలో ఎన్నిసార్లు రాశానో నాకే తెలియదు. పత్రికలో పనిచేసిన ఎవరి చేతికైనా అలవాటైన వాక్యమే ఇది. వార్త అంతా రాసేశాక, చివర్లో సంతకం పెట్టినట్టు దీన్ని పెడతాం. పెట్టామంటే ఎదుటివాడికీ ఒక అవకాశం ఇచ్చినట్టే లెక్క. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లలు నన్ను కలిస్తే ఢిల్లీలో చూసిన ప్రభుత్వాల గురించి, పడిపోయిన మంత్రుల గురించి చెప్పమని అడుగుతారు. అవి వాళ్ళకు ఎక్కడైనా దొరుకుతాయి. నేను చెప్పవలసింది ఈ వాక్యం గురించి.

రెండువేల దశకం రెండో సగం. ఢిల్లీలో ఎటు వెళ్ళినా మెట్రో కోసం తవ్విన గోతులు, వాటి చుట్టూ రేకుల కంచెలు. నేనొక తెలుగు దినపత్రిక ఢిల్లీ బ్యూరోలో ఉన్నాను. పార్లమెంటు, పార్టీలు, మంత్రుల పేషీలు తక్కినవాళ్ళు పంచుకోగా మిగిలినవన్నీ నావి. తెలుగు సంఘాల సభలు, ప్రవేశ పరీక్షల అవకతవకలు, పెద్దాస్పత్రిలో మంచం దొరక్క మెట్ల మీద పడుకున్న రోగులు, వీసా కోసం వచ్చి మోసపోయిన కుర్రాళ్ళు. ఈ చివరి రకం వార్తలు అప్పటికే చాలా రాశాను. అద్దాల గది, గోడకు ప్రపంచ పటం, బల్ల మీద వరసగా చిన్న చిన్న జెండాలు, టై కట్టుకున్న మనిషి. ఆర్నెల్లు తిరిగేసరికి గది ఖాళీ. ఏడుస్తూ మా ఆఫీసు మెట్లెక్కే తండ్రులు. మా రాజకీయ విలేకరి, నాకంటే పదేళ్ళు చిన్నవాడు, నన్ను చూసినప్పుడల్లా “వీసా బాధితుల సంఘానికి శాశ్వత అధ్యక్షులు మీరే గురువుగారూ” అనేవాడు. పైకి విసుక్కున్నా లోపల ఆ పదవి నాకు నచ్చేది. మోసగాణ్ని చూడగానే పసిగట్టగలనని ఒక నమ్మకం కుదిరిపోయింది.

ఒక సోమవారం మధ్యాహ్నం అశోకా రోడ్‌లో తెలుగు క్యాంటీన్‌లో భోజనం చేస్తుంటే ఎదుటి కుర్చీలో నాకు తెలిసినతను వచ్చి కూర్చున్నాడు. చాణక్యపురిలో రాయబార కార్యాలయాల బయట వీసా దరఖాస్తులు నింపిపెట్టడం అతని వృత్తి. తెలంగాణ మనిషి. అప్పుడప్పుడు నాకు సమాచారం ఇస్తుండేవాడు, ఇచ్చిందెప్పుడూ తప్పు కాలేదు. పప్పు కలుపుకుంటూ విషయం చెప్పాడు. దక్షిణ ఢిల్లీలో బేర్ సరాయ్ అనే పేటలో ఒక ముసలి సర్దార్‌జీ పన్నెండు మంది పాస్‌పోర్టులు తీసుకుని పెట్టుకున్నాడట. యూరప్‌లో ఏడాది శిక్షణట. వీసాకు హామీ అక్కడి కంపెనీయే ఇస్తుందట. కుర్రాళ్ళ దగ్గర ఒక్క పైసా తీసుకోవడం లేదట.

తీసుకోకపోతే మంచిదే కదా అన్నాను.

“గదే అన్నా నా డౌటు. ఈ ఢిల్లీల ఉత్తగ వీసా ఇప్పిచ్చేటోడు ఎవడున్నడు చెప్పు? ఏదో ఉన్నది కత.”

అతను కావాలని ఎవరి మీదా బురద చల్లలేదు. ఈ రోజుకీ అదే చెబుతాను. ఉచితంగా జరిగే పని అతను చూసి ఎరగడు. నేనూ ఎరగను.

దేనిలో శిక్షణ అని అడిగితే డేటా సెంటర్లు కట్టే పనిలో అన్నాడు. అవేమిటో ఇద్దరికీ తెలియదు. ఆఫీసుకు తిరిగొచ్చి మా కంప్యూటర్లు బాగుచేసే అతన్ని అడిగాను. కంప్యూటర్లు పెట్టుకునే గదిని అలా అంటారని, దాన్ని కట్టడానికి యూరప్‌లో నేర్చుకునేది ఏముంటుందని అతను నవ్వాడు. అందరం నవ్వాం. వార్త సగం ఆ నవ్వులోనే తయారైపోయింది.

మూడు గంటలకల్లా బేర్ సరాయ్ చేరాను. పాత ప్రశ్నపత్రాల జిరాక్సులు అమ్మే దుకాణం పక్క నుంచి ఇద్దరు పట్టని మెట్లు. పైన ఒకటే గది. బోర్డు లేదు. నేల మీద ఇనుప గొట్టాలు, చేతి మణికట్టంత లావు కేబుల్ ముక్కలు, విప్పదీసిన ఏసీ ఒకటి. వాటి మధ్య స్టూలు మీద కూర్చుని సర్దార్‌జీ టీ తాగుతున్నాడు. డెబ్భైకి దగ్గర పడిన మనిషి.

పత్రిక వాణ్నని చెప్పినా తడబడలేదు. అడిగినవాటికన్నిటికీ జవాబు చెప్పాడు. టెలిఫోన్ ఎక్స్చేంజీల్లో ఏసీలు, కరెంటు లైన్లు బిగించడంతో జీవితం మొదలుపెట్టి, తర్వాత విదేశాల్లో ఒక నిర్మాణ సంస్థ దగ్గర చాలాకాలం పనిచేశాడు. ఇప్పుడా సంస్థకు పని తెలిసిన చేతులు దొరకడం లేదు. పన్నెండు మందిని ఏరి పంపమని తన పాత మేస్త్రీ అయిన ఇతన్ని అడిగింది. ఏడాది శిక్షణ, వీసా హామీ, బస వాళ్ళవే. పని వస్తే ఉద్యోగం కూడా. ఇతను సర్టిఫికెట్లు చూడలేదట. ఒక్కొక్కరికీ కేబుల్ ముక్క ఇచ్చి చివర బిగించమన్నాడు, గొట్టం ఇచ్చి వంచమన్నాడు. చేతులు చూసి ఎంచుకున్నాడు.

పాస్‌పోర్టులేవని అడిగితే మూలనున్న ఇనుప పెట్టె తనే తెరిచాడు. రబ్బరు బ్యాండ్ వేసిన కట్ట. పన్నెండు దరఖాస్తులూ ఒకేసారి ఇవ్వాలి గనక తన దగ్గర ఉంచానన్నాడు. నేను లెక్కపెట్టాను. పన్నెండు. సాక్ష్యం కళ్ళెదుట దొరికిన విలేకరికి కలిగే సంతోషం నాకూ కలిగింది. దాన్ని నేను న్యాయాగ్రహం అనుకున్నాను.

బోర్డు ఎందుకు పెట్టలేదని అడిగాను.

“బోర్డ్ కిస్ లియే? బారహ్ బచ్చే చాహియే థే, మిల్ గయే.” పన్నెండు మంది కావాలి, దొరికారు, ఇంక బోర్డెందుకు అని.

లేస్తుంటే కాగితం మీద ఆ విదేశీ సంస్థ ఫోన్ నంబరు రాసిచ్చాడు. రాసుకుంటే రాసుకోండి గానీ ముందు వీళ్ళతో మాట్లాడండి అన్నాడు. మెట్లు దిగుతూ ఆ గది వివరాలన్నీ నోట్‌బుక్‌లో ఎక్కించాను. బోర్డు లేదు, రసీదు లేదు, ఫీజు లేదు. ఒక్కొక్కటీ ఒక్కో నేరంలా కనిపించింది. నేను అంతకుముందు పట్టుకున్న మోసగాళ్ళందరికీ ఈ మూడూ ఉండేవన్న సంగతి నాకు తట్టలేదు.

మా ఆఫీసు నుంచి విదేశాలకు ఫోన్ చేయాలంటే ఒక కోడ్ నొక్కాలి. అది బ్యూరో చీఫ్ ఒక్కరికే తెలుసు. ఎవరికి, ఎందుకు అని చెబితే ఆయన లేచి వచ్చి, మాకు కనబడకుండా ఫోన్‌కు అడ్డంగా నిలబడి నొక్కి వెళ్ళేవారు. ఒకసారికి ఒక కోడ్. రెండోసారి అడగాలంటే మొహమాటం. ఆ రోజు సాయంత్రం ఆయన ఏదో పార్టీ సమావేశం వార్తల హడావుడిలో ఉన్నారు. జిల్లా ఎడిషన్లకు ఏడు గంటలకల్లా కాపీ వెళ్ళిపోవాలి. ఏడుకు ఇరవై నిమిషాలప్పుడు కోడ్ నొక్కించుకుని ఫోన్ చేశాను. యూరప్‌లో అప్పుడు మధ్యాహ్నం. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. ఎవరూ ఎత్తలేదు.

నిజం చెప్పాలి. ఎత్తనందుకు నాకు హాయిగా అనిపించింది. ఎత్తితే వార్త మెత్తబడుతుంది. అలవాటైన వాక్యాన్ని చివర పెట్టి పంపేశాను.

మర్నాడు అన్ని ఎడిషన్లలో మొదటి పేజీ. ‘పాస్‌పోర్టులు తన వద్ద ఉంచుకున్నాడు’ అని నేను రాస్తే హైదరాబాద్ డెస్క్ దాన్ని ‘పాస్‌పోర్టులు గల్లంతు’ చేసింది. పన్నెండు మందిలో తెలుగువాళ్ళు ఐదుగురే అయినా శీర్షికలో అందరూ తెలుగువాళ్ళే అయ్యారు. ఎడిటర్ స్వయంగా ఫోన్ చేసి అభినందించారు. బుధవారం హిందీ పత్రికలు అందుకున్నాయి. కుర్రాళ్ళలో ఒకడి మేనమామ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. ఆ సాయంత్రమే సర్దార్‌జీని స్టేషన్‌కు తీసుకెళ్ళారు, ఇనుప పెట్టెను కూడా. మేము మరో వార్త వేశాం, పైన మా పత్రిక పేరు పెట్టి, పక్కన ‘ఎఫెక్ట్’ అని.

శుక్రవారం ఉదయం నేను వెళ్ళేసరికి నా బల్ల దగ్గర ఇద్దరు ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. పెద్దామె దక్షిణ ఢిల్లీలో ఒక ఆస్పత్రిలో నర్సు, డ్యూటీ దిగి యూనిఫాం మీదే వచ్చింది. రెండో అమ్మాయి ఆమె చెల్లెలు. ఎలక్ట్రికల్ డిప్లొమా. గుర్‌గావ్‌లో ఒక కాల్ సెంటర్ భవనంలో జనరేటర్లు, బ్యాటరీలు చూసుకునే ఉద్యోగం. ఆ పన్నెండు మందిలో ఒకే ఒక అమ్మాయి. కోస్తాలో ఒక చిన్న పట్టణం వాళ్ళది. బాధితులు కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చారనుకుని టీ చెప్పాను.

చెల్లెలు కూర్చోలేదు. నా వార్త కత్తిరింపు బల్ల మీద పెట్టి చివరి వాక్యం మీద వేలు పెట్టింది.

“సార్, వీళ్ళకి మీరు ఎన్నిసార్లు ఫోన్ చేశారండీ?”

“ఒకసారి.”

“ఒక్కసారేనా అండీ?”

గొంతు పెంచలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. అక్క ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఆమె విడిపించుకుని, ఇప్పుడు మళ్ళీ చేయండి, మా ముందు చేయండి అంది. గదిలో అందరూ పని ఆపి చూస్తున్నారు. బ్యూరో చీఫ్ తన గది గుమ్మంలోకి వచ్చారు. నేను ఆయన వైపు చూశాను. ఆయన వచ్చి కోడ్ నొక్కారు.

అక్కడ ఇంకా పొద్దున్నే. అయినా రెండో మోతకే ఒక ఆడమనిషి ఎత్తింది. స్పీకర్ పెట్టాను. నేను ఎవరో, ఎందుకు చేస్తున్నానో చెప్పాను. ఢిల్లీలో తమ పెద్దాయనకు రెండు రోజులుగా ఫోన్ చేస్తున్నామని, ఎంతకీ ఎత్తడం లేదని, ఒంట్లో బాగుందా అని అడిగింది. ఆయన రెండు రాత్రులుగా పోలీస్ స్టేషన్ బెంచీ మీద ఉన్నాడని నేను చెప్పలేకపోయాను. శిక్షణ సంగతి అడిగాను. అవును, పన్నెండు మంది అంది. జాబితా తీసి చదివింది. మన పేర్లు ఆమె నోట్లో నలిగిపోతున్నా గుర్తుపట్టేలా ఉన్నాయి. తొమ్మిదో పేరు నా ఎదుట నిలబడ్డ అమ్మాయిది. గదులు సిద్ధం చేశాం, అందరి బూట్ల సైజులూ వచ్చాయి గానీ ఈ తొమ్మిదో మనిషిది ఒక్కటే రాలేదు, మీకేమైనా తెలుసా అని అడిగింది.

అమ్మాయి ఫోన్ మీదికి వంగి, “ఫైవ్, మేడమ్” అంది.

ఆమె రాసుకుంది. నేను ఆఖరి ప్రశ్న అడిగాను. సోమవారం మధ్యాహ్నం ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదేమని. సోమవారం మా దేశంలో సెలవు కదా అని ఆమె మామూలుగా చెప్పింది.

ఫోన్ పెట్టాక కూడా నా చెయ్యి దాని మీదే ఉండిపోయింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే రాజకీయ విలేకరి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. యుద్ధాల వార్తలు రాశాను, రైలు ప్రమాదాల్లో శవాలు లెక్కపెట్టాను. నేను రాసిన వాక్యానికి నేనే భయపడింది మాత్రం ఆ రోజే. ఒక దేశంలో సెలవు రోజును నేను నేరానికి రుజువుగా రాశాను.

అసలు అదేం పని అని ఆ అమ్మాయిని అప్పుడు అడిగాను. వార్త రాయకముందు అడగాల్సిన ప్రశ్న.

“కంప్యూటర్లకి కట్టే కోల్డ్ స్టోరేజీ అనుకోండి సార్. మన దగ్గర చేపలకి కడతారు కదా, అలాగ. లోపల చలి తగ్గకూడదు, కరెంటు పోకూడదు. ఒక లైను పోతే ఇంకోటి, అదీ పోతే బ్యాటరీలు, ఆనక జనరేటర్లు. ఒక్క సెకను కూడా ఆగకూడదండి. అది కట్టడం ఇక్కడ ఎవరు నేర్పుతారు నాకు? మా సైటులో ఫ్యూజు మార్చమంటే కూడా మగోణ్ని పిలుస్తారు.”

రెండు నిమిషాల్లో ఆమె చెప్పింది మా పత్రికలో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాతి రోజులు ఒక్కొక్కటీ ఒక్కో దెబ్బ. శిక్షణ మొదలయ్యే తేదీని రెండు వారాలు జరపగలం, అంతకు మించి ఆపలేం అని కంపెనీ చెప్పింది. పాస్‌పోర్టులు కేసు సొత్తు అయిపోయాయి. విడిపించాలంటే కోర్టు ఉత్తర్వు కావాలి. స్టేషన్‌కు వెళ్ళి సబ్ ఇన్‌స్పెక్టర్‌తో ఇందులో మోసం లేదు, నేను విచారించాను అన్నాను. ఆయన ఫైలు తెరిచి నా వైపు తిప్పాడు. మొదటి కాగితం నా వార్త. పక్కన దానికి టైపు చేసిన హిందీ అనువాదం, ప్రతి పేజీకీ స్టాంపు.

“ఛాపా ఆప్‌నే. అబ్ ఆప్ హీ కహ్ రహే హైఁ కి ఝూఠ్ హై?” రాసింది మీరే, అబద్ధమంటున్నదీ మీరేనా అని. ఆయన వెటకారం ఆడలేదు. నిజంగానే బోధపడలేదు. ఫైలులో ఇంకే సాక్ష్యమూ లేదు. నేనే.

సర్దార్‌జీని ఆ రోజు వదిలిపెట్టారు. ఆదివారం బేర్ సరాయ్ వెళ్ళాను. ఇంటి యజమానులు గది ఖాళీ చేయమన్నారు. గొట్టాలు, కేబుల్ ముక్కలు కట్టగట్టి మెట్ల కింద పెట్టి ఉన్నాయి. నన్ను చూసి నమస్తే అన్నాడు. నేను నోరు తెరిచేలోగా తలుపు దగ్గరగా వేసుకున్నాడు. గట్టిగా కూడా వేయలేదు. కుర్రాళ్ళు తర్వాత చెప్పారు, ఈ పన్నెండు మందీ కుదురుకుంటే వచ్చే ఏడు ఇంకో ఇరవై నాలుగు మందిని పంపాలని ఆయన అనుకున్నాడట. మళ్ళీ ఎవరినీ పంపలేదు. ఆ ఇరవై నాలుగు మంది తామేనని వాళ్ళకే తెలియదు. వాళ్ళెవరో నాకూ తెలియదు.

మా చీఫ్‌తో సవరణ గురించి గట్టిగానే వాదించాను. మొదటి పేజీలో రాసింది మొదటి పేజీలోనే దిద్దాలన్నాను. ఆయన చెడ్డమనిషి కాదు. కానీ ఆయన పెరిగిన పద్ధతి వేరు. “మనం తప్పు రాశామని మనమే మొదటి పేజీలో వేసుకుంటే రేపు మనల్ని ఎవరు నమ్ముతారయ్యా?” అన్నారు. చివరికి లోపలి పేజీలో రెండు పేరాలు వచ్చాయి. కంపెనీ పంపిన ఉత్తరం, రాయబార కార్యాలయం ధ్రువీకరణ పట్టుకుని నేను కోర్టుకు వెళ్ళి నా వార్తకు వ్యతిరేకంగా నేనే వాంగ్మూలం ఇచ్చాను. మేజిస్ట్రేటు కళ్ళజోడు పైనుంచి నన్ను ఒకసారి చూసి, ఏమీ అనకుండా పాస్‌పోర్టులు ఇచ్చేయమని రాశారు. కంపెనీ ఇచ్చిన గడువుకు ఇంకా ఐదు రోజులున్నాయి. వీసాలకు నాలుగు రోజులు పడుతుంది.

పాస్‌పోర్టులు చేతికందిన సాయంత్రం ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఇక అంతా సర్దుకుందనుకున్నాను.

“సార్, మా నాన్నతో మీరొకసారి మాట్లాడాలండి. వెళ్ళొద్దంటున్నారు. నేను చెప్తే వినట్లేదు, అక్క చెప్పినా వినట్లేదు. మీరైతే వింటారు. మీ పేపరంటే ఆయనకి చాలా గురి.”

వాళ్ళ నాన్న బడిపంతులుగా చేసి, తర్వాత వాళ్ళ చర్చిలో ప్రార్థనలు నడిపే ఉపదేశి అయ్యాడు. చదువురాని పెద్దవాళ్ళకు రోజూ పొద్దున మా పత్రిక పైకి చదివి వినిపిస్తాడట. నా సవరణ ఆయన చూడలేదా అని అడిగాను. వాళ్ళ జిల్లా ఎడిషన్‌లో అది రాలేదంది. హైదరాబాద్‌కు ఫోన్ చేసి కనుక్కుంటే నిజమే. ఆ రోజు ఆ ఎడిషన్‌కు పూర్తి పేజీ ప్రకటన తగిలింది. సవరణ తీసేసి ప్రకటన వేశారు. వార్త అన్ని జిల్లాలకూ వెళ్ళింది. సవరణ ఎక్కడ చోటుంటే అక్కడికే వెళ్ళింది.

ఆయనకు ఫోన్ చేసి, ఆ వార్త రాసింది నేనే అని పరిచయం చేసుకున్నాను.

“వందనాలండి బాబూ, వందనాలు. మీరు రాయబట్టి నా బిడ్డ నాకు దక్కిందండి. మొన్న కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. మీ పేరు తెలీదు గనక విలేకరి బాబు అని చెప్పి సంఘమంతా మీకోసం ప్రార్థన చేశామండి.”

తిట్టేవాళ్ళకు జవాబు చెప్పడం మాకు వచ్చు. ఇది రాదు. ఆయన్ని ఆపి మొదటినుంచీ చెప్పాను. సెలవు సంగతి, జాబితా సంగతి, కోర్టులో నేను చెప్పిన సంగతి. తప్పు నాదేనని మూడుసార్లు అన్నాను. అరగంట పైనే మాట్లాడి ఉంటాను. ఆయన మధ్యలో అడ్డు రాకుండా ఓపిగ్గా విన్నాడు. అంతా అయ్యాక గొంతు తగ్గించాడు.

“బాబూ, మీ పక్కన ఎవరైనా ఉన్నారా?”

“లేరండి. ఎందుకు?”

“మిమ్మల్ని గానీ బెదిరించారా? పర్వాలేదు, మీరేం చెప్పొద్దు. నేను అర్థం చేసుకోగలను. అచ్చులో ఒకటి వచ్చాక మీరు ఇలా ఫోన్లో వేరేగా చెప్తున్నారంటే మీమీద ఎంత ఒత్తిడి ఉందో.”

ఆయనకు నా మీద ఉన్న నమ్మకంలో లేశమైనా తేడా రాలేదు. నేను రాసినదాన్ని నమ్మాడు గనక నన్ను నమ్మలేకపోయాడు.

ఆ అమ్మాయికి ఇదంతా చెప్పి, ఇంకా కొన్ని రోజులు ఆగి నచ్చజెబుదామా అన్నాను. ఆగితే ఏమవుతుందో నాకు తెలుసు. ఎందుకన్నానో తెలియదు.

“ఆయనకి నచ్చజెప్పేసరికి ఆ బిల్డింగు కట్టేసి తాళాలు కూడా వేసేస్తారండి. నేను వెళ్తున్నాను సార్. అక్క ఉందిగా, చూసుకుంటుంది.”

పన్నెండు మందిలో పది మంది వెళ్ళారు. ఇద్దరు కుర్రాళ్ళ ఇళ్ళలో పత్రికే గెలిచింది. వాళ్ళ ఊళ్ళకు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. వెళ్ళిన పది మందిలో ఈ అమ్మాయి తండ్రికి చెప్పి వెళ్ళిందో చెప్పకుండా వెళ్ళిందో నేను అడగలేదు. విమానాశ్రయానికి నన్ను ఎవరూ రమ్మనలేదు. వెళ్ళే ముఖం నాకూ లేదు.

నెల తర్వాత నా పేరుతో ఆఫీసుకు ఇన్‌లాండ్ లెటరు వచ్చింది. పంతులు చేతివ్రాత, గుండ్రటి అక్షరాలు. నా బిడ్డ వాళ్ళ చేతికి చిక్కింది, మీరు ఇదివరకు రాసినట్టే ఇంకొకసారి గట్టిగా రాసి విడిపించండి అని. నేను నాలుగు పేజీల జవాబు రాశాను. రెండు నెలలకు మరో ఉత్తరం. మరో జవాబు. కంపెనీ వాళ్ళు ఇచ్చిన కాగితాల నకళ్ళు పంపాను. కాగితాలు సృష్టించడం ఎంత సులువో మీ పత్రికలోనే చదివానని ఆయన రాశాడు. అదీ నేను రాసిందే, పాతది. కూతురు ఫోన్ చేస్తే మాట్లాడేవాడు కాదని అక్క చెప్పింది. వెనకాల ఎవరో నిలబడి మాట్లాడిస్తున్నారని ఆయన అనుమానం.

ఏడాది నిండే ముందు వచ్చిన కవరులో ఒక ఫొటో ఉంది. కూతురు ఇంటికి పంపిన ఫొటో. ఆయన దాన్ని నాకు పంపాడు. మనిషికి రెండింతలు ఎత్తున్న కరెంటు బీరువాల వరస ముందు ఆ అమ్మాయి నిలబడి ఉంది. నెత్తిన హెల్మెట్, ఒంటి మీద నారింజ రంగు కోటు, చేతిలో మీటరు. వెనక పాలరాయిలా మెరిసే నేల. ‘చూడండి బాబూ, డిప్లొమా చదివిన పిల్లకి హెల్మెట్ పెట్టి కూలిపని చేయిస్తున్నారు. ఇంతకంటే రుజువేం కావాలి? ఇకనైనా రాయండి’ అని ఉత్తరం.

ఫొటోను బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశాను. ఈసారి నాలుగు పేజీలు రాయలేదు. ‘అయ్యా, ఫొటోలో మీ అమ్మాయి నవ్వుతోంది, ఒకసారి సరిగ్గా చూడండి’ అని ఒక్క వాక్యం కార్డు మీద రాసి పోస్టు చేశాను.

వారంలోనే జవాబు వచ్చింది. అదీ కార్డే.

‘ఫొటో తీసేటప్పుడు నవ్వమంటారు కదా బాబూ. పత్రికలో ఉన్నారు, మీకు తెలియనిదా?’